బ్రాయిలర్ దాణాలో పట్టుపురుగు ప్యూపా: మాంసకృత్తుల లెక్క, కొవ్వు చిక్కు

తొలకరికి లేచిన ఉసిళ్లను ఏరుకు తినే పెరటికోడికి పురుగు కొత్త మేత కాదు. షెడ్డులో పెరిగే బ్రాయిలర్‌కు మాత్రం మొక్కజొన్న, సోయా చెక్కలే లోకం. 2021లో సోయా ధర మండిపోయి కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. ఆ ఏడే ఐరోపా సమాఖ్య కోళ్లు, పందుల దాణాలో కీటకాల పొడిని వాడనిచ్చింది. ఈ చర్చ వచ్చినప్పుడల్లా ముందు వినబడే పేరు బ్లాక్ సోల్జర్ ఈగ. హిందూపురంలో పట్టు రీలింగ్ చేసే చోట కుప్పపడే ప్యూపా ఎవరికీ గుర్తుకు రాదు.

ముందు లెక్క సంగతి. ప్రయోగశాల నేరుగా కొలిచేది మాంసకృత్తులను కాదు, నత్రజనిని, దాన్ని 6.25తో హెచ్చవేస్తారు. కీటకం పైతోలులోని కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది. శుద్ధ కైటిన్‌ను పరీక్షకు పెట్టినా ఈ పద్ధతి 43 శాతం మాంసకృత్తులున్నాయని చెబుతుంది! అందుకే ఈగ లార్వాకు 4.76 గుణకం సరైనదని సూచించారు. అప్పుడు 42 శాతం కాస్తా 32కు దిగుతుంది. ప్యూపాలో కైటిన్ తక్కువ కాబట్టి ఈ మోసమూ తక్కువే. పైగా సోయాలో కొరవడే మెథియోనిన్ ఇందులో పుష్కలం.

అసలు చిక్కు కొవ్వుతో. ఎండు ప్యూపాలో దాదాపు 30 శాతం కొవ్వే. ఈగ లార్వా కొవ్వులో లారిక్ ఆమ్లం ఎక్కువ, అది త్వరగా చెడదు. ప్యూపా కొవ్వులో మల్బరీ ఆకు నుంచి వచ్చే లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ. గాలి తగిలితే ముక్కిపోతుంది, ఆ వాసన మాంసానికీ పడుతుంది. కిలో ముడిపట్టుకు వచ్చే 8 కిలోల తడి ప్యూపాలో 6 కిలోలు నీళ్లే. వెంటనే ఆరబెట్టకపోతే కుళ్లుతుంది. చిన్న రీలింగ్ యూనిట్లకు డ్రయ్యర్ భారమే కనుక, క్లస్టర్‌కు ఒకటి చొప్పున పెట్టి నూనె తీయడమూ అక్కడే జరపాలన్నది నా అభిప్రాయం.

సోయాకు ఇది బదులు కాగలదా? కాలేదు. 2022-23లో దేశంలో తయారైన ముడిపట్టు 36 వేల టన్నుల పైచిలుకు. అందులో మల్బరీ వాటా సుమారు ముప్పాతిక, అంటే 27 వేల టన్నులు. దాని నుంచి వచ్చే ఎండు ప్యూపా 54 వేల టన్నులు. నాడు అనుమతించిన సోయా దిగుమతిలో ఇది 5 శాతం కూడా కాదు.

వాడే దశ మారిస్తే లెక్కా మారుతుంది. కోడిపిల్ల తొలి 10 రోజుల్లో తినేది 300 గ్రాముల లోపే. ప్రీస్టార్టర్‌లో 5 శాతం కలిపితే పిల్లకు 15 గ్రాములు చాలు. నూనె తీశాక మిగిలే సుమారు 38 వేల టన్నుల పొడి 250 కోట్ల పిల్లలకు సరిపోతుంది. అంతా సేకరణకు అందదు, కొంత చేపల మేతకు పోతుంది. సగం దక్కినా 125 కోట్ల పిల్లలు. ఫినిషర్ దశలో ప్యూపా ఉండదు కాబట్టి కూరలో వాసన వచ్చే భయమూ తక్కువే.