కత్తికి ఎన్ని ఊర్లు?

ఇట్ల మంటకు దగ్గర జరుగుర్రి, చెప్త. మీరు మెట్రోల పోయేటప్పుడు హబ్సిగూడ వస్తది గదా, మన ఉప్పల్, నాచారం ఆనుకొనే ఉంటది. హబ్సీలుండబట్టే ఆ పేరొచ్చిందంటరు. ఆఫ్రికా నుంచొచ్చి దక్కన్ల సిపాయిలైనోళ్లు వాళ్లు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మలిక్ అంబర్ గుడ ఇథియోపియాల పుట్టినోడే, 1626ల పోయిండు. నిజాం దగ్గర గుడ ఆఫ్రికా గుర్రపు దళముండె. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ పేరు వాళ్లదే.

మనుషులే గాదు, కత్తులు గుడ గట్లనే దూరం నుంచొచ్చినయి. గా దినాలల్ల దక్కన్ సర్దార్లు ఫిరంగి కత్తులని పట్టేటోళ్లు. బ్లేడేమో యూరప్‌ది, పిడేమో మనది. పోర్చుగీసోళ్లు 1510ల గోవా పట్టినంక ఓడల మీద గా బ్లేడ్లు మస్తు దిగినయి. ఆఫ్రికాల గుడ ఇదే తీరు. సూడాన్ కస్కరా కత్తికి, సహారాల తువారెగ్‌లు పట్టే తకూబా కత్తికి జర్మనీ బ్లేడు దొరికిందంటే దానికి వాళ్ల పిడి వెట్టుకునేటోళ్లు.

"మరి యాడిదో ఎట్ల తెలుస్తది తాతా?" అంటవా? చాలామంది ముద్ర చూస్తరు. నాలుగైదు గీతలతోని ఉరుకుతున్న తోడేలు, కొన్నిట్ల ఆ గీతలల్ల ఇత్తడి నింపి ఉంటది. అది ముందుగాల జర్మనీల పసావు ఊరి కమ్మరోళ్లది. తర్వాత ఆ దేశంలనే సొలింగెన్ ఊరోళ్లు గుడ కొట్టుకున్నరు. ఆఫ్రికా కమ్మర్లు సుత యూరప్ బ్లేడ్ల మీది నెలవంక ముఖాల ముద్రలు చూసి చెక్కిండ్రు. పేరున్న సరుక్కు గిరాకెక్కువ గదరా! అందుకే ముద్ర సాక్ష్యం ఒక్కటే నమ్మొద్దు.

నేను నాచారం షెడ్డుల గ్రైండర్ మీద బతికినోణ్ణి, నా కన్ను బ్లేడు నడుమ పొడుగున తీసిన గాడి మీదికి పోతది. సొలింగెన్‌ల నీళ్లతో తిరిగే చక్రాల మీద సానవట్టేటోళ్లు. గాడి కొసదాక తిన్నగ వస్తది. చేత్తోని తీసిన నకలుల గాడి ఆడీడ వంకర పోతది. తర్వాత పిడి మొదలు చూడాలె. వాడకం లేని పాత రివిటు బొక్క కనవడ్డదంటే, ఆ బ్లేడు ఇంకో పిడిల బతికొచ్చిందన్నట్టు.

ఆఖరుకు ఉక్కు. మన నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కుకు ఆమ్లం రాస్తే నీళ్లల్ల అలల లెక్క గీతలు తేల్తయి. 1820ల కాలంల వాయిసీ అనే దొర ఆడికి పోతే, ఇరాన్ ఇస్ఫహాన్ నుంచొచ్చిన వ్యాపారి ఉక్కు కొంటూ కనవడ్డడంట. మన ఉక్కేమో ఇరాన్‌ల కత్తయితుండె, మన సర్దారేమో జర్మనీ బ్లేడు దోపుకుంటుండె!

అందుకే ఎవడన్న ఫిరంగి కత్తి చూపిచ్చి "ఇది ఫలానా ఊరిది" అంటే, ఉక్కు యాడిది, గాడి ఎవరు తీసిండ్రు, పిడి ఎవరు వెట్టిండ్రు అని అడుగు. మూడింటికీ ఒక్క ఊరే చెప్పిండంటే, పైసలు తియ్యకు బిడ్డా.