సెంబవాంగ్ తోటలును వాని చెంతనున్న మహారణ్యమును

సింగపూరు ద్వీపమున ఉత్తరతీరమందు, జొహోరు జలసంధికి ఎదురుగా, సెంబవాంగ్ అను ప్రాంతము కలదు. ఈ పేరు ఒక చెట్టు పేరని చెప్పుదురు. ఆ చెట్టు మన దేశపు నాగకేసరమునకు దగ్గరి చుట్టము. చెట్టు పేరు ఊరికి నిలిచినది గాని, ఆ చెట్టు పెరిగిన యడవి యచట నిలువలేదు. అడవి పోయి తోట వచ్చెను. తోట పోయి ఓడల రేవు వచ్చెను. పిమ్మట పట్టణము వచ్చెను. ఈ మార్పులన్నియు ఎట్లు జరిగెనో తోటలలో పుట్టి పెరిగిన కుటుంబములవారు తెలిసికొనదగియున్నది. ఏలయనగా అడవిని నరికినవియు, తోటను నాటినవియు కూలివాని చేతులే.

నేడు సెంబవాంగ్ నుండి బండినెక్కి దక్షిణముగా మండాయ్ మార్గమున పోవువానికి, ఎత్తయిన మేడలు వెనుకబడిన కొద్దిసేపటికే దట్టమైన వృక్షములు కనబడును. అది జలాశయముల చుట్టును కాపాడబడిన మహారణ్యము. రెండువేల హెక్టారులకు మించినది. నీ సూన్ బురద యడవి దానిలోనిదే. మంచినీటి చిత్తడినేలలో పెరుగు ఇట్టి యడవి సింగపూరులో చెప్పుకొనదగినంత మిగిలినది అదియొక్కటే. బండ్లు అంచువరకే పోవును. లోపలికి పోగోరువారు కాలిదారినే నడువవలెను.

1819లో రాఫిల్సు దొర ఈ ద్వీపమున దిగినప్పుడు భూమి చాలవరకు అడవియే. తరువాత చీనా రైతులు మిరియమును, గాంబియరును నాటుటకై అడవిలో ప్రవేశించిరి. గాంబియరు ఆకులను కాచి తీసిన సారము తోళ్లు పదును చేయుటకు పనికివచ్చెడిది. ఆ ఆకులను కాచుటకు కట్టెలు విస్తారముగా కావలసియుండెను. కాబట్టి తోటకొరకు నరికిన యడవి గాక, పొయ్యికొరకు నరికిన యడవియు నుండెను. కొన్నియేండ్లకు నేల సారము తగ్గగా రైతులు దానిని విడిచి క్రొత్త యడవికి పోయిరి. విడిచిన నేలలో లాలాంగు గడ్డి మొలచెను.

ఆ కాలమున అడవికి దారులు వేసినవారిలో భారతీయ ఖైదీలు ముఖ్యులు. 1825 మొదలుకొని 1873 వరకు మదరాసు, బంగాళా రాజధానులనుండి పంపబడిన ఖైదీలు సింగపూరున బాటలు వేసి, కట్టడములు కట్టిరి. పట్టణమునుండి బుకిట్ తీమా కొండప్రక్కగా ద్వీపమును దాటిపోవు బాట 1845 నాటికి ముగిసెను. అడవిలో పులులు తిరుగుచు తోటపనివారిని చంపుచుండెను. పులులను వేటాడుటకును ఖైదీల గుంపులను పంపిరి. 1930లో చంపబడిన పులి ఈ ద్వీపమున కడపటిదని యెంచబడుచున్నది.

1854లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెసు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు బుకిట్ తీమాయందు ఒక ఫ్రెంచి మిషనరీ ఇంట దిగి, చుట్టునున్న యడవిలో పురుగులను సేకరించెను. చదరపు మైలుకు మించని యొక్క యడవిముక్కలో, సుమారు రెండు నెలలలో, 700 జాతుల పెంకుపురుగులు అతనికి దొరకెను. ఇన్ని దొరకుటకు ఒక కారణమును అతడే వ్రాసియున్నాడు. చీనా కోతగాండ్రు పడగొట్టిన మ్రాకులును, కుళ్లుచున్న ఆకులును, రంపపుపొట్టును ఆ పురుగులకు ఆహారమయ్యెను. శాస్త్రజ్ఞుని కీర్తి వెనుకను పేరెరుగని కూలివాని చెమట యుండెనని దీనివలన తెలియుచున్నది.

1883లో వృక్షశాస్త్రోద్యానపు అధికారి నతానియేలు కాంట్లీ అడవుల స్థితిని విచారించి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. అప్పటికి ద్వీపములో పదియవ వంతు కూడ అడవి మిగులలేదు. ఆ మీదట కొన్ని అడవులు ప్రభుత్వపు కాపుదలలోనికి వచ్చెను. బుకిట్ తీమా వానిలో నొకటి. మధ్యభాగపు అడవికి మరియొక రక్షణ కలిగెను. పెరుగుచున్న పట్టణమునకు త్రాగునీరు కావలసివచ్చెను. 1860ల చివర కట్టబడి, నేడు మాక్రిచ్చి యనబడు జలాశయమును, పిమ్మట కట్టిన పియర్సు, సెలెటార్ జలాశయములును శుభ్రముగా నుండవలెనన్నచో చుట్టునున్న యడవి యుండవలెను. చెట్ల వేళ్లు వాననీటిని నేలలో నిలుపును. మట్టి కొట్టుకొనిపోకుండ ఆపును. ఆ విధముగా పట్టణపు దాహమే అడవికి కంచెయయ్యెను.

ఇంతలో రబ్బరు వచ్చెను. 1876లో హెన్రీ విక్‌హాము బ్రెజిలు దేశమునుండి సుమారు 70,000 రబ్బరు గింజలను ఇంగ్లండునకు చేర్చెను. మరుసటి సంవత్సరము వాని మొక్కలు 22 సింగపూరునకు వచ్చెను. 1888లో ఉద్యానాధికారియైన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ బెరడును మాత్రమే ఏటవాలుగా గీసి దినదినమును పాలు తీయు పద్ధతిని కనుగొనెను. గింజలను పంచుచు, నాటుడని బ్రతిమాలుచు తిరిగిన అతనిని జనులు వెఱ్ఱి రిడ్లీ యని హేళనచేసిరి. మోటారు బండ్లు వచ్చి చక్రములకు రబ్బరు కావలసివచ్చినప్పుడు ఆ హేళన నిలిచిపోయెను. సెంబవాంగ్, నీ సూన్ ప్రాంతములు రబ్బరు తోటలయ్యెను. అనాస తోటలకు పేరొందిన లిమ్ నీ సూన్ అను చీనా వర్తకుడు సెంబవాంగ్ తోటకు కొంతకాలము మేనేజరుగా నుండెను. నేటి ఈషున్ పట్టణము అతని పేరు మీదనే వెలసినది.

తోటలు పెరిగినకొలది కూలీలు కావలసివచ్చిరి. మదరాసు, నాగపట్టణము రేవులనుండి ఓడలు మలయాకు జనులను మోసికొనిపోయెను. వారిలో తమిళులు అధికులు. విశాఖపట్టణము, గోదావరి మండలముల తెలుగువారును బయలుదేరిరి. దిగువ పెరాకులోని బగాన్ దాతో ప్రాంతమున అనేక తెలుగు కుటుంబములు స్థిరపడెను. ఒప్పందపు కూలి 1910లో ఆగెను. కంగాణీలు తమ యూళ్లకు పోయి జనులను తెచ్చు పద్ధతి ఆ తరువాతను సాగెను. 1938లో భారత ప్రభుత్వము మలయాకు కూలీలను పంపుట నిలిపివేసెను. తెల్లవారకమునుపే లేచి, చల్లని వేళ చెట్టు గీసి, ఎండ ముదరకముందు పాలు చేర్చుట తోటవాని నిత్యకృత్యము. పాలు కారు చెట్టు ఎవరిదైనను, గీసిన చేయి మాత్రము వానిదే.

సెంబవాంగ్ తీరమున 1923లో నిశ్చయింపబడిన ఇంగ్లీషు నౌకాస్థావరము 1938 ఫిబ్రవరి 14న తెరవబడెను. చిత్తడినేలలు పూడ్చబడెను, తోటలు వెనుకకు జరిగెను. నాలుగేండ్లకే, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు జపానువారి వశమయ్యెను. అటు తరువాత మలయా తోటలనుండి వేలకొలది దక్షిణభారత కూలీలు సయాము, బర్మాల నడుమ రైలుదారి వేయుటకు కొనిపోబడిరి. వారిలో అనేకులు తిరిగి రాలేదు. 1968లో సెంబవాంగ్ రేవు సింగపూరు ప్రభుత్వము చేతికి వచ్చి, ఓడలు బాగుచేయు కర్మాగారమయ్యెను.

అడవికిని గండములు తప్పలేదు. 1951లో చట్టము దానికి రక్షణ కల్పించెను గాని, 1986లో పూర్తియైన పెద్ద రస్తా బుకిట్ తీమాను మధ్యారణ్యమునుండి విడదీసెను. జంతువులు దాటబోయి బండ్ల క్రింద పడుచుండెను. ఆ లోపము తీర్చుటకై 2013లో రస్తా మీదుగా, చెట్లు నాటిన 62 మీటర్ల వంతెన తెరవబడెను. నరికినచోట మరల కలుపుట ఎంత కష్టమో దీనిని చూచినవారికి బోధపడును.

రబ్బరు పుట్టిన బ్రెజిలు దేశముననే ఇందుకు పోలికయైన సంగతి యొకటి కలదు. రియో నగరముచెంత తిజూకా కొండలను కాఫీతోటలకై నరికివేయగా ఊటలు ఎండి నగరమునకు నీరు కఱవయ్యెను. చక్రవర్తి రెండవ పెద్రో ఆజ్ఞచొప్పున 1862 మొదలుకొని మేజరు ఆర్చెరు అడవిని మరల నాటించెను. మొదట నాటినవారు ఆరుగురు బానిసలు: ఎలెఊతేరియో, కాన్‌స్తాంతీనో, మనువేలు, మతేయూసు, లియొపోల్దో, మరియ. నేడు దారిచూపువారు యాత్రికులను జీపులలో నెక్కించుకొని ఆ యడవిలో త్రిప్పుదురు. 1931లో నిలిపిన గొప్ప క్రీస్తు విగ్రహమున్న కొండయు ఆ వనములోనిదే. చక్రవర్తి పేరుతోకూడ ఆ ఆరుగురి పేర్లును చరిత్రలో నిలిచినవి.

సెంబవాంగ్ వైపున అధికారుల పేర్లు బాటలకును, జలాశయములకును, వర్తకుని పేరు పట్టణమునకును నిలిచినవి. చెట్టు గీసినవారి పేర్లు ఏ పలకమీదను లేవు. తాతముత్తాతలు ఏ యూరినుండి, ఏ ఓడమీద, ఏ తోటకు వచ్చిరో ఇంటి పెద్దలకు జ్ఞాపకమున్నంతవరకే ఆ చరిత్ర బ్రదికియుండును. పలక పుచ్చుకొన్న పిల్లవాడు ముందుగా ఆ పేర్లను వ్రాయనేర్చిన యెడల, అడవివలెనే అదియు పూర్తిగా నశింపక నిలుచును.