ఐదు నట్లు, ఆరు నట్లు: మా బాబాయి జీపు వెనక ఉన్న చరిత్ర

ఈసారి ఎపిసోడ్ ఒక పంక్చర్‌తో మొదలవుతుంది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. నేను బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నప్పటి సంగతి. ఫిబ్రవరి నెల, మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. సాయంత్రానికి మబ్బు కమ్మింది. ఆరిన కాయ తడిసిందంటే రంగు పోతుంది, యార్డులో రేటూ పోతుంది. బాబాయీ నేనూ ఊళ్లోకెళ్లి టార్పాలిన్ పట్టాలు జీపులో వేసుకుని బయల్దేరాం. డొంకదారిలో వెనక టైరు కూర్చుంది. జాకీ పెట్టి, టైరు ఊడదీసి, స్టెప్నీ దింపాం. స్టెప్నీకి ఐదు బెజ్జాలు. హబ్బుకి ఆరు స్టడ్లు.

అంతకు ముందు ఏడాది జీపు వెనక ఇరుసు పోతే, ఒక షెడ్డులో చిన్న లారీ ఇరుసు తెచ్చి వేశారు. "ఇంకో పది టిక్కీలు ఎక్కువేసినా కదలదు బాబాయ్" అన్నాడట మేస్త్రీ. నిజంగానే కదల్లేదు. కానీ ముందు చక్రాలకి ఐదు నట్లు, వెనక చక్రాలకి ఆరు నట్లు అయ్యాయి. స్టెప్నీ ముందువాటికే పనికొస్తుందన్న సంగతి ఏడాదిపాటు ఎవరికీ తట్టలేదు. పట్టాలు భుజాన వేసుకుని పరిగెత్తాం. సగం కల్లం తడిసింది.

ఆ రాత్రి నా బుర్రలో ఒకటే ప్రశ్న. అసలు ఐదు అని ఎవరు పెట్టారు?

మా తాతల ఎడ్లబండికి ఈ గొడవ లేదు. మధ్యలో కుండ, దాన్నుంచి ఆకులు, చుట్టూ పూటీలు, అన్నీ ఊరి వడ్రంగి చెక్కినవే. ఇనప కట్టు ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే అదే బిగుసుకునేది. చక్రం ఇరుసు చివరికి ఎక్కుతుంది, ఊడిపోకుండా శీల దిగుతుంది. అంతే. పక్కూరి చక్రం మన బండికి పట్టకపోవచ్చు. పట్టాల్సిన అవసరం కూడా లేదు, చేసినవాడు ఊళ్లోనే ఉన్నాడు కదా.

జీపు కథ దీనికి పూర్తిగా రివర్స్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఒక్క ఫ్యాక్టరీ సరిపోలేదు. విల్లీస్ కంపెనీ 'ఎంబీ' అని చేసింది, ఫోర్డ్ 'జీపీడబ్ల్యూ' అని చేసింది. రెండూ కలిపి 6 లక్షలు దాటాయి. సైన్యం పెట్టిన షరతు ఏంటంటే, ఒకదాని పార్టు ఇంకోదానికి పట్టాలి. బర్మా అడవిలో విల్లీస్ చక్రం పోతే పక్కన చెడిపోయి పడున్న ఫోర్డ్ చక్రం ఊడదీసి బిగించుకుని పోవాలి. అంటే ఆ ఐదు బెజ్జాలు ఒకరి ముఖం ఒకరు చూడని రెండు ఫ్యాక్టరీల మధ్య ఒప్పందం. ఐదు స్టడ్లు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం ఐదున్నర అంగుళాలు. ఈ కొలత అప్పటికే పాతది, ఫోర్డ్ 1928 మోడల్ 'ఏ' కారుకీ ఇదే.

ఇంకో చిత్రం. ఆ యుద్ధం జీపుల్లో ఎడమపక్క చక్రాల నట్లకి మర ఉల్టా. చక్రం తిరిగే కొద్దీ వదులవకూడదని అలా పెట్టారు. అది తెలీక స్పానర్ ఎక్కి తొక్కి స్టడ్లు విరగ్గొట్టినవాళ్లు ఎంతమందో!

మన దేశానికి ఎలా వచ్చింది? 1945లో లూథియానాలో 'మహీంద్రా అండ్ మహమ్మద్' అని కంపెనీ పెట్టారు. ఆ మహమ్మద్, అంటే మాలిక్ గులాం మహమ్మద్, విభజన తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. ఇక్కడ 1948లో పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. 1947లో విల్లీస్ నుంచి విడిభాగాలుగా వచ్చిన మొదటి 75 జీపులతో కథ మొదలైంది. ఆ వంశమే మన నల్లరేగడి దారుల్లోకి దిగింది. వాన పడితే ఆ మట్టి ఎలా పట్టుకుంటుందో గుంటూరు, ప్రకాశం వాళ్లకి చెప్పక్కర్లేదు.

1958 అక్టోబరు నుంచి మనం మెట్రిక్‌లోకి మారడం మొదలుపెట్టాం. అంగుళాలు పోయాయి, బెజ్జాలు మాత్రం కదల్లేదు. ఐదున్నరని 25.4తో గుణిస్తే 139.7 మిల్లీమీటర్లు. ఈ వింత అంకెని ఎక్కడైనా చూస్తే దాని వెనక అంగుళం దాక్కుని ఉందన్నమాట. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి 5x139.7. 2023లో మన దగ్గరికొచ్చిన జిమ్నీకీ 5x139.7. తమాషా ఏంటంటే, అసలు జీప్ కంపెనీయే దీన్ని వదిలేసింది. 1987 రాంగ్లర్‌కి నాలుగున్నర అంగుళాలు, 2007 మోడల్‌కి ఐదు.

ఇప్పుడు లారీ ఇరుసు సంగతి. టయోటా హైలక్స్‌ది 6x139.7. వృత్తం మనదే, స్టడ్లు ఆరు. సైజు ఒకటే కదా అనుకుంటే మా బాబాయి పరిస్థితే. అమెరికాలో మట్టిబండ్లవాళ్లు ఇష్టపడే వన్ టన్ ట్రక్కు ఇరుసులకి ఎనిమిది స్టడ్లు, 165.1 మిల్లీమీటర్లు. అందుకే అక్కడ బుద్ధున్నవాళ్లు ముందూ వెనకా రెండు ఇరుసులూ కలిపి మారుస్తారు, నాలుగు చక్రాలు, స్టెప్నీతో సహా.

కొలవడం ఈజీ. నాలుగు, ఆరు, ఎనిమిది అయితే ఎదురెదురు స్టడ్ల కేంద్రాల మధ్య టేపు పెట్టండి. ఐదుకి ఎదురు స్టడ్డు ఉండదు. పక్కపక్క స్టడ్ల కేంద్రాల దూరం తీసుకుని 1.701తో గుణించండి. జీపుకి 82.1 మిల్లీమీటర్లు రావాలి. సైన్ 36 డిగ్రీలు నా జీవితంలో పనికొచ్చింది ఈ ఒక్కసారే.

అసలు భయం నట్లు అస్సలు పట్టనప్పుడు కాదు, దాదాపు పట్టినప్పుడు. 114.3 హబ్బుకి 115 డిస్కు కొంచెం బలవంతం చేస్తే ఎక్కుతుంది. కానీ నట్టు మూతి సరిగ్గా గుంటలో కూర్చోదు, స్టడ్డు పక్కకి లాగబడుతూనే ఉంటుంది. వందల కిలోమీటర్లు ఏమీ కాదు. తర్వాత ఒకరోజు, లోడుతో, హైవే మీద విరుగుతుంది. మధ్య బెజ్జం కూడా హబ్బుకి సరిపోవాలి, నట్టు మూతి ఆకారం కూడా డిస్కుకి సరిపోవాలి.

ఫోర్ బై ఫోర్ వాడేవాళ్లకి ఇంకోటి. ఇరుసు లోపల పళ్ల లెక్క ముందూ వెనకా ఒకటే ఉండాలి. విల్లీస్ ఎంబీకి 4.88, దాని తర్వాతి సీజే3బీకి 5.38. జీపుకీ జీపుకీ మధ్యే తేడా! ఒకటి దీంది, ఒకటి దాంది వేసి నాలుగు చక్రాలూ కలిపారంటే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి పీక్కుంటాయి, మధ్యలో గేర్లు నలుగుతాయి. మా జీపుకి ముందు షాఫ్టు ఎప్పుడో తీసేశారు కాబట్టి బతికిపోయాం.

చట్టం మాట కూడా చెప్పాలి, లేకపోతే కామెంట్లలో మీరే అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఇలాంటివే. థార్ కొని రెండో రోజే షెడ్డుకి తోలే తమ్ముళ్లు ఆర్‌సీ ఒకసారి చదువుకోండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు టేపు పట్టుకుని జీపు ముందు హబ్బు కొలిచాను. 82. బాబాయి అరుగు మీద కూర్చుని చూస్తూ, "అది కొలిస్తే ఆ ఏడు కాయ ఆరుద్దా?" అన్నాడు. ఇరుసు మాత్రం మార్చలేదు. వెనక ఇప్పుడు రెండు స్టెప్నీలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద సుద్దతో ఐదు అని, ఇంకోదాని మీద ఆరు అని రాసి ఉంది.