మంటికుండలో దాచబడిన వాక్యము

యిర్మీయా ప్రవక్త చెరలోనుండగా పొలమొకటి కొని, దాని క్రయపత్రమును మంటికుండలో దాచిపెట్టించిన సంగతి మీరెరుగుదురు. యెరూషలేము అప్పుడు శత్రువుల ముట్టడిలో నుండెను. అట్టి దినమున పొలము కొనుట లోకుల కన్నులకు వెఱ్ఱితనము. ప్రవక్తకో అది నిరీక్షణకు గురుతు. కొరియా దేశ సంఘచరిత్రలో ఇట్టి కుండ మరియొకటి కలదు. దాని కథ వినుడి.

కొరియా భాషలో లూకా సువార్త 1882లో మొదట అచ్చయ్యెను. ఆ కాలమున కొరియాలో సువార్త ప్రకటించుటకు సెలవులేదు గనుక, సరిహద్దు కావలనున్న మంచూరియాలోని ముక్దెన్ పట్టణమందు దానిని అచ్చువేసిరి. స్కాట్లండు మిషనెరీయైన జాన్ రాస్ గారు కొరియా సహోదరులతో కూడి, పండితుల చీనా లిపిలో గాక, స్త్రీలును కూలివారును చదువగల హంగుల్ లిపిలో దానిని సిద్ధపరచిరి. సో సాంగ్‌ర్యూన్ అను వర్తకుడు ఆ సువార్తను స్వదేశమునకు కొనిపోయెను. సోరే అను పల్లెలో విశ్వాసుల గుంపు ఏర్పడెను. తరువాతి సంవత్సరములలో రైతులు తమ బియ్యము తామే వీపున మోసికొని, దినములకొలది నడిచి, వేదపాఠ కూటములకు వచ్చుచుండిరి. ఉత్తరమందలి ప్యాంగ్యాంగ్ పట్టణమునకు తూర్పు యెరూషలేమను పేరు వచ్చెను.

1950 జూన్ 25వ తేదీన యుద్ధము పుట్టెను. మూడు దినములలో సియోల్ రాజధాని పడిపోయెను. క్రొత్త వర్ణక్రమము చొప్పున సరిచేయబడిన బైబిలు వ్రాతప్రతి అప్పుడు అచ్చునకు సిద్ధమగుచుండెను. బైబిలు సొసైటీవారు దానిని కుండలో పెట్టి భూమిలో పాతిరి. వారి భవనము యుద్ధములో కాలిపోయెను. కుండలోని ప్రతి నిలిచెను. దానిని దక్షిణపు కొననున్న పూసాన్ రేవుకు చేర్చిరి. 1952లో అది జపానులో అచ్చయ్యెను. అనేక దశాబ్దములు కొరియా సంఘములు ఆ బైబిలునే చదివెను.

ఆ బైబిలు కొరకు ఎదురుచూచినవారెవరు? పూసాన్ కొండలమీద చెక్కముక్కలతోను అట్టలతోను గుడిసెలు వేసికొన్న కాందిశీకులు. 1950 డిసెంబరులో గడ్డకట్టు చలిలో హుంగ్నామ్ రేవునుండి సుమారు లక్షమంది ఓడలలో తప్పించుకొనిరి. మెరెడిత్ విక్టరీ అను ఒక్క సరకుల ఓడలోనే పదునాలుగు వేలమంది యెక్కిరి. త్రోవలో ఐదుగురు బిడ్డలు పుట్టిరి. క్రిస్మస్ దినమున ఆ ఓడ కోజే దీవి చేరెను.

అదే దీవిలో లక్షన్నరకు పైగా యుద్ధఖైదీలుండిరి. అమెరికా మిషనెరీ హెరాల్డ్ వోకెల్ గారు ముళ్లతీగెల కంచె లోపలికి పోయి, నిన్నటివరకు శత్రుసైనికులైన వారికి వేదపాఠములు నేర్పెను. వేకువజామున ప్రార్థనకు కూడినవారిలో కొందరు, విడుదలైన పిమ్మట పాదిరులైరి.

మరి స్థానికుల మాటయేమి? హాన్ క్యూంగ్‌చిక్ గారను పాదిరి ఉత్తరమునుండి పారిపోయివచ్చి, 1945లో ఇరువదియేడుగురితో సియోల్‌లో సంఘమును స్థాపించెను. అదే యోంగ్నాక్ సంఘము. ఇల్లు వాకిలి లేనివారు తమకొరకు మాత్రమే చూచుకొనక, అనాథలకును, విధవరాండ్రకును ఆశ్రయములు కట్టిరి. చేయి చాపి వచ్చినవారే చేయి అందించువారైరి.

చదువరీ, ఒక్క మాట మరువవద్దు. 1953లో యుద్ధము ఆగెను గాని, దేశము రెండుగానే మిగిలెను. ఆ కాందిశీకులలో అనేకులు పుట్టిన ఊరు మరల చూడకయే కన్నుమూసిరి. వాక్యము వారికి పోయిన ఇంటిని తిరిగి ఇయ్యలేదు. ఇల్లులేని చోట నిలువబడు బలము నిచ్చెను. పారిపోవు దినమున పొలమును, పశువులను, ధాన్యపు గాదెను ఎవడును మోయలేడు. సమాధాన దినములలో నేర్చుకొన్నదే శ్రమదినమున వెంటవచ్చును. బియ్యపు మూట వీపున వేసికొని వేదపాఠమునకు నడచిన ఆ రైతులు, తామెరుగకయే తమ బిడ్డల ప్రయాణమునకు సద్ది కట్టిరి.

మీ యింటి బైబిలు గూటిలో నున్నదా, బిడ్డల నోట నున్నదా? కరవువలననో కలహమువలననో ఊరు విడిచి మీ పల్లెకు వచ్చినవారు మీ గుడి వాకిట నిలుచున్నయెడల, వారికి చాపయు, గంజియు, వాక్యమును దొరకునా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో దీనిని ఆలోచించుడి.