ఊరు కలిస్తే పొలం పోతదా?

"మన ఊరు కార్పొరేషన్‌ల కలిస్తే పొలం పోతదా అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. పోదు. భూసేకరణ వేరు, విలీనం వేరు. పట్టా మీ పేరు మీదే ఉంటది. మారేది ఊరి పాలన.

హైదరాబాద్ సంగతే చూడండి. 1933లో చాదర్‌ఘాట్, 1960లో సికింద్రాబాద్ కలిశాయి. అవి పట్నంలో పట్నం కలవడం. 2007 ఏప్రిల్ 16న మాత్రం కూకట్‌పల్లి, ఉప్పల్, అల్వాల్, రాజేంద్రనగర్‌తో సహా 12 శివారు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్క దెబ్బకు 600 దాటింది. ఈ శివార్లలో చాలావరకు ఒకప్పుడు పంచాయతీలే. ముందు మున్సిపాలిటీ, తర్వాత కార్పొరేషన్. రెండో మెట్టు ఎక్కించేనాటికి అడగడానికి గ్రామసభే లేదు!

దీనికి ఆధారం 74వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 243క్యూ అధికరణం. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవాళ్ల శాతం వంటివి చూసి గవర్నర్ (అంటే ప్రభుత్వమే అనుకోండి) నోటిఫికేషన్ ఇస్తారు. గ్రామసభ ఒప్పుకోవాలన్న మాట అందులో ఎక్కడా లేదు. చుట్టూ వెంచర్లు లేస్తే, మీరింకా నాగలి పట్టినా ఊరి లెక్క మారిపోతది.

సర్పంచ్ పోయి కార్పొరేటర్ వస్తాడు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే రాసింది కాబట్టి ఆ పనీ ఆగింది. పొలమున్నోడు ఎకరం రేటు చూసుకుని ఊరుకున్నడు. దెబ్బ తగిలింది మన చేన్ల కలుపు తీసిన కూలోళ్లకు.