బాయ్‌కాట్: మేయో రైతులు వేసిన వెలి
ప్రతిపక్షం సభలోంచి లేచి వచ్చేస్తే టీవీవాళ్లు ‘బాయ్‌కాట్ చేశారు’ అంటారు. అది వాకౌట్, అసలు గడప తొక్కకపోవడం బాయ్‌కాట్. నిజానికిది ఒకాయన ఇంటిపేరు. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లాండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ భూములకు ఏజెంటు. 1880 సెప్టెంబరులో ఐరిష్ నాయకుడు పార్నెల్ ఎన్నిస్ సభలో ఒక ఉపాయం చెప్పాడు: తోటి రైతును వెళ్లగొట్టిన భూమిని తీసుకున్నవాణ్ని చంపొద్దు, పలకరించడం మానేయండి. భూమి తీసుకున్నవాడు కాకపోయినా, దొర ఏజెంటుగా ఆ దెబ్బ బాయ్‌కాట్‌కు తగిలింది. పాలేర్లు పని మానేశారు, కమ్మరి రానన్నాడు, దుకాణాలు సరుకివ్వలేదు. పంట తీయడానికి బయటి నుంచి 50 మంది కూలీలు, వాళ్ల కాపలాకు వందలాది సైనికులు దిగారు. ఆయన పేరే మాటగా మిగిలి, 1905 వంగ విభజన నాటికి మన దేశంలో విదేశీ వస్త్రాల మీదికి మళ్లింది. మనకు ముందునుంచీ ‘వెలి’ ఉంది. వెలుపల, వెలివాడ దాని చుట్టాలే. ‘బహిష్కరణ’లోని ‘బహిః’ అన్నా బయటే. కాకపోతే మన ఊళ్లలో వెలి ఎక్కువగా పెద్దలు పేదల మీద వేసింది. మేయోలో కౌలురైతులు దొర ఏజెంటు మీద వేశారు.