కంప్యూటరు మరణ వాంగ్మూలం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. నేను పనిచేసింది కంప్యూటర్ విభాగంలో గనుక ‘కోర్ డంప్’ అనే పాత మాట చరిత్ర చెబుతాను.

1950ల మధ్య నుంచి సుమారు ఇరవై ఏళ్లు కంప్యూటర్ మెమరీ అంటే సన్నని తీగలకు గుచ్చిన ఫెర్రైట్ పూసలే. ఆ పూస పేరే కోర్. అమెరికాలో ఎం.ఐ.టి. వారి వర్ల్‌విండ్ యంత్రానికి 1953లో వీటిని అమర్చారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో తయారై 1960లో లాంఛనంగా ప్రారంభమైన టిఫ్రాక్‌లోనూ ఇవే. కరెంటు పోయినా పూసలోని అయస్కాంతత్వం పోదు. ప్రోగ్రామ్ మధ్యలో చెడితే పూసల్లో మిగిలిన అంకెలన్నీ కాగితంపై అచ్చువేసి కారణం వెతికేవారు. అదే కోర్ డంప్.

తరువాత వచ్చిన సెమీకండక్టర్ మెమరీకి ఆ సుగుణం లేదు. కరెంటు తీస్తే పలక తుడిచినట్టే. కాబట్టి యంత్రం కన్నుమూసేలోపే తన వాంగ్మూలం రాసిపెట్టాలి. ఎక్కడ రాయాలి? మతి తప్పిన సిస్టమ్ చేతికి డిస్కులోని మంచి ఫైళ్లు అప్పగిస్తే వాటినీ పాడుచేస్తుంది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో ఆపరేటరే చేత్తో నడిపించి టేపు మీదికి ఎక్కించేవాడు. బర్క్‌లీ వారి యూనిక్స్‌లో స్వాప్ స్థలం వాడారు. అక్కడ దాచుకోవలసినదేమీ ఉండదు కదా! యంత్రం మళ్లీ లేచాక ‘సేవ్‌కోర్’ అనే ప్రోగ్రామ్ దానిని ఫైలుగా మారుస్తుంది. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. పద్ధతీ ఇంచుమించు ఇదే: ముందు పేజింగ్ ఫైలు, తరువాత ‘మెమరీ.డి.ఎం.పి’. అయితే ఆ పేజింగ్ ఫైలు విండోస్ ఉన్న విభాగంలోనే ఉండాలి, మెమరీ కంటే కాస్త పెద్దదై ఉండాలి.

ఈ షరతు ఎంత ముఖ్యమో 1998లో ఒక ఆఫీసులో చూశాను. వేగం కోసమని ఎవరో పేజింగ్ ఫైలు మొత్తాన్నీ రెండో డిస్కుకు మార్చారు. పెన్షన్ బిల్లుల వారంలో సర్వర్ మూడుసార్లు ఆగింది. డంప్ లేదు, సాక్ష్యం లేదు. సంజాయిషీ మెమో మాత్రం నైట్ డ్యూటీ ఆపరేటర్‌కు వచ్చింది! ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఇంక్రిమెంటు పోతుందని అన్నం సహించలేదతనికి. మెమరీ 128 మెగాబైట్లు గనుక మొదటి డిస్కులో 140 మెగాబైట్ల పేజింగ్ ఫైలు పెట్టించి, ‘డీబగ్గింగ్ సమాచారం రాయి’ అన్న గడిలో టిక్కు పెట్టాం. నాలుగోసారి ఆగినప్పుడు డంప్ దొరికింది. తప్పు టేప్ డ్రైవ్ తాలూకు డ్రైవర్ ప్రోగ్రామ్‌ది. మెమో ఉపసంహరించారు, నోటిమాటగా కాదు, కాగితం మీదే.

విండోస్ 2000లో 64 కిలోబైట్ల చిన్న డంప్ కూడా వచ్చింది. కారణం స్థూలంగా తెలుసుకోవడానికి అది చాలు. లినక్స్ వారు 2005లో మరో దారి తొక్కారు. కొంత మెమరీని ముందే విడిగా ఉంచి, అందులో రెండో కెర్నల్‌ను సిద్ధంగా పెడతారు. మొదటిది కూలగానే అది లేచి డంప్ రాస్తుంది. ‘కెడంప్’ అంటారు. డంప్‌లో మెమరీలో ఉన్నదంతా, పాస్‌వర్డులూ ఖాతా నంబర్లతో సహా, పడవచ్చు. అందుకే ఆనాడు మా టేపును కంపెనీకి సీలు వేసిన కవరులోనే పంపాం.